గుర్రం ఎక్కే ముందు



సెలవులు దగ్గర పడుతున్నాయంటే మన ఇళ్ళలో వినబడే మాట ఒకటే: "ఈసారైనా సముద్రానికి వెళ్దామా?" పెంటపాడు, తాడేపల్లిగూడెం వైపు వారికి దగ్గరి సముద్రం పేరుపాలెం. భీమవరం మీదుగా మొగల్తూరు చేరితే ఇక ఎంతో దూరం ఉండదు. నాలుగు రోజులు వీలు చిక్కినవారు రత్నాచల్ ఎక్కి విశాఖపట్నం వెళతారు. అక్కడ రామకృష్ణా బీచ్‌లో పిల్లలు కెరటాలను చూసి కేకలు వేస్తారు, కాల్చిన మొక్కజొన్న పొత్తులు తింటారు. అంతలో వారి కళ్ళు రంగుల జీను వేసుకుని ఇసుకలో నిలబడి ఉన్న గుర్రం మీద పడతాయి. "నాన్నా, నేనెక్కుతాను!" ఇక ఆ పిల్లవాణ్ణి అక్కడినుంచి కదిలించడం ఎవరి తరమూ కాదు.

ఈ గుర్రపు స్వారీ గురించి సంఘంలోని కొన్ని కుటుంబాలవారు ఈమధ్య నన్ను అడిగారు. ఒక తల్లికి పిల్లవాడు పడిపోతాడేమోనని భయం. ఒక యవ్వనస్తుడు, "మన సరదా కోసం మూగజీవాన్ని హింసించడం తప్పు కాదా?" అన్నాడు. పక్కనే ఉన్న పెద్దాయన, "మనమందరం ఎక్కడం మానేస్తే ఆ గుర్రమూ, దాన్ని నమ్ముకున్న కుటుంబమూ ఏం తినాలి?" అన్నాడు. ముగ్గురి మాటలోనూ న్యాయం ఉంది. అందుచేత ఈ నెల మన పేజీని గుర్రానికే కేటాయిద్దాం.

మన డెల్టా ప్రాంతం ఎద్దుల, గేదెల ప్రాంతం. ఎద్దు ఆకలి, గేదె జబ్బు మనకు చూడగానే తెలుస్తాయి. గుర్రం సంగతి అలా కాదు. ఒకప్పుడు రైలు దిగినవారిని ఇంటికి చేర్చే జట్కాలు ఉండేవి. వాటిలో ఎక్కి తిరిగిన పెద్దలు ఇంకా మన మధ్య ఉన్నారు. రిక్షాలు, ఆటోలు వచ్చి జట్కాలు వెళ్ళిపోయాయి. ఇప్పుడు మన పిల్లలకు గుర్రం కనబడేది పెళ్ళి ఊరేగింపులో, లేదంటే సముద్రపు ఒడ్డున. కనుక గుర్రానికి ఏం కావాలో మనకు తెలియకపోవడంలో వింత లేదు. తెలుసుకోవడం మాత్రం అవసరం.

గుర్రం పుట్టుకతో పొడి నేలల జంతువు. విశాలమైన గడ్డి మైదానాలు, ఎడారి అంచులు దాని స్వస్థలాలు. మన దేశంలో పేరుపొందిన మార్వారీ జాతి రాజస్థాన్‌ది, కాఠియవాడీ జాతి గుజరాత్‌ది. ఈ రెండు జాతుల గుర్రాలకు చెవుల కొనలు లోపలికి వంగి ఒకదానికొకటి తాకుతూ ఉంటాయి. థార్ ఎడారిలో యాత్రికులను గుర్రాల మీద, ఒంటెల మీద తిప్పుతారు. ఎడారీ సముద్రమూ పక్కపక్కనే ఉన్న దేశాలలోనైతే, దారి చూపేవాడు ముందు నడుస్తుండగా ఇసుక తిన్నెల మీదుగా అలల అంచు దాకా స్వారీ చేయడం ఒక విహారం. మన తీరంలో ఎడారి లేదు. ఇక్కడిది ఉప్పుగాలి, ఉక్కపోత. తేడా అంతా ఆ ఉక్కపోతలోనే ఉంది.

మనలాగే గుర్రం కూడా ఒంటినిండా చెమట పట్టి, అది ఆరడం వల్ల చల్లబడుతుంది. పొడిగాలిలో చెమట త్వరగా ఆరుతుంది. సముద్రపు ఒడ్డున గాలిలోనే తేమ నిండి ఉంటుంది గనుక చెమట కారిపోతుంది గాని ఆరదు, ఒంటి వేడి లోపలే నిలిచిపోతుంది. మే నెలలో కొల్లేటి గట్ల మీద పనిచేసినవారికి ఈ సంగతి వేరే చెప్పనక్కరలేదు.

ఇది నేడు పుట్టిన సమస్య కాదు. నేడు బాపట్ల జిల్లాలో చిన్న పల్లెగా ఉన్న మోటుపల్లి కాకతీయుల కాలంలో పేరున్న ఓడరేవు. 13వ శతాబ్దం చివర మన దేశపు తీరాలను గురించి రాసిన మార్కో పోలో మోటుపల్లి రాజ్యాన్నీ, దానిని ఏలిన రాణినీ కొనియాడాడు. ఆయనే ఇంకా దక్షిణాన ఉన్న పాండ్యుల దేశం గురించి రాస్తూ ఒక విచారకరమైన సంగతి చెప్పాడు. అరబ్బు, పారశీక తీరాలనుంచి ఆ రాజులు ఏటా వేల గుర్రాలను గొప్ప ధరలకు కొనేవారట. ఏడాది తిరిగేసరికి వాటిలో నూరైనా మిగిలేవి కావట. గుర్రాన్ని సాకడం అక్కడివారికి తెలియకపోవడమే కారణమని ఆయన మాట. అన్నంతో మాంసం కలిపి వండి పెట్టేవారట! కొనడానికి ధనం ఉంది, ఎక్కడానికి మోజు ఉంది, సాకే తెలివి మాత్రం లేదు. అందువల్ల అన్ని ప్రాణాలు పోయాయి.

మరి గుర్రానికి ఏం కావాలి?

మొదటిది మేత. గుర్రపు ఒంటికి దాని జీర్ణాశయం చాలా చిన్నది. ఎద్దులాగా ఒక్కసారి కడుపునిండా మేసి, తీరికగా నెమరు వేసుకోవడం దానికి చేతకాదు. కొంచెం కొంచెంగా రోజంతా మేస్తూనే ఉండాలి. 300 కిలోల గుర్రానికి రోజుకు సుమారు 6 కిలోల ఎండు మేత కావాలి. దానిపైన దాణా. మనం ఉలవచారు కాచుకునే ఉలవలు గుర్రాలకూ ఎద్దులకూ తరతరాలుగా పెడుతున్న దాణాయే. నీళ్ళు రోజుకు 25 నుంచి 40 లీటర్లు, ఎండలో పనిచేస్తే ఇంకా ఎక్కువ. ఎదురుగా సముద్రమంత నీరున్నా ఒక్క గుక్క దానికి పనికిరాదు. మంచినీళ్ళు ఎవరో మోసుకుని రావలసిందే.

ఇంకొక సంగతి చాలామందికి తెలియదు. మేతను ఇసుకలో పారబోసి తినిపిస్తే దానితోపాటు ఇసుక కూడా గుర్రం కడుపులోకి పోతుంది. కొన్నాళ్ళకు అది పేగులలో పేరుకుని ఘోరమైన కడుపునొప్పి తెస్తుంది. గుర్రానికి వాంతి చేసుకునే శక్తి లేదు. తిన్నది ఏదైనా ముందుకు పోవలసిందే. పోకపోతే ప్రాణం మీదికి వస్తుంది. అందుకే తీరంలో గుర్రానికి తొట్టిలోనో సంచిలోనో మేత పెట్టాలి.

రెండవది కాళ్ళ సంగతి. తడి ఆరని గట్టి ఇసుక మీద గుర్రం హాయిగా నడుస్తుంది. కాళ్ళు దిగబడే పొడి ఇసుకలో బరువు మోస్తే కాలి నరాలు లాగేస్తాయి. ఒకసారి అవి దెబ్బతింటే నెలల తరబడి విశ్రాంతి ఇవ్వాలి. ఉప్పునీటిలో నడిచిన గుర్రాన్ని సాయంత్రం మంచినీళ్ళతో కడగాలి. లేకపోతే జీను పట్టీల కింద ఉప్పు ఒరుసుకుని పుండ్లు పడతాయి.

మూడవది బరువు. గుర్రం తన బరువులో ఐదో వంతు వరకు ఇబ్బంది లేకుండా మోస్తుందని అనుభవజ్ఞుల అంచనా. అంటే 300 కిలోల గుర్రానికి జీనుతో కలిపి 60 కిలోలు. చిన్నపిల్లవాడు దానికి బరువు కాదు. ఆ పిల్లవాడి వెనుక 80 కిలోల తండ్రి కూడా ఎక్కి కూర్చుంటే సంగతి వేరు.

ఇవన్నీ మనసులో పెట్టుకుని ఇప్పుడు తీరంలో జరిగే బేరాన్ని చూద్దాం. ఒకసారి సండే స్కూలు పిల్లలను విశాఖ తీసుకువెళ్ళినప్పుడు గుర్రం నడిపే ఒక పెద్దాయనతో కాసేపు మాట్లాడాను. "ఆదివారం వచ్చిందే మాకు వారమంతా సార్. సోమవారం నుంచి జనం ఉండరు. ఇది మాత్రం రోజూ తింటాది. తుపాను పట్టిందంటే వారం రోజులు ఒడ్డుకే రానివ్వరు. అప్పుడూ తింటాది" అన్నాడు. గుర్రం గుడ్డిదైనా దాణాకు తక్కువ లేదని మన పెద్దలు ఊరికే అనలేదు. మేము మాట్లాడుతుండగానే ఒక కుటుంబం వచ్చింది. ఆయన చెప్పిన ధరకు సగానికి అడిగారు. ఆయన కాదంటే నాలుగడుగులు ముందుకు వేశారు. పిలిచి ఒప్పుకున్నాడు. ఎక్కిన తరువాత, "ఇంకొక చుట్టు ఊరికే తిప్పవయ్యా" అన్నారు. కింద నిలబడి సెల్‌ఫోనులో వీడియో తీస్తున్న అన్నగారు, "పరుగెత్తించు, నడిస్తే ఏం బాగుంటుంది!" అని కేక వేశాడు. ఆ పెద్దాయన తాడు పట్టుకుని గుర్రంతోపాటు తానూ ఇసుకలో పరుగెత్తాడు.

ఆ కుటుంబం చెడ్డవారు కారు. కూరగాయల బజారులో మనం చేసే పనే వారూ చేశారు. అయితే లెక్క వేసి చూడండి. సగం ధరకు ఒప్పుకున్నవాడు ఆ రోజు ఇల్లు గడవడానికి రెండింతల చుట్లు తిప్పాలి. లేదా దాణాలో కోత పెట్టాలి. చుట్లు పెరిగితే విశ్రాంతి తగ్గుతుంది, దాణా తగ్గితే సత్తువ తగ్గుతుంది. ఎటు చూసినా మనం మిగుల్చుకున్న యాభై రూపాయలు ఆ గుర్రం ఒంట్లోనుంచే వచ్చాయి. బేరంలో దానికి నోరు లేదు గనుక, కోత చివరికి దాని వంతుకే వస్తుంది.

కళ్ళంలో బంతి తిరిగే ఎద్దు మూతికి చిక్కం కట్టవద్దని మోషే ధర్మశాస్త్రంలో ఒక చిన్న ఆజ్ఞ ఉంది. విశ్రాంతిదినపు ఆజ్ఞలో కూడా యజమానితోపాటు పనివానికీ, పశువుకూ విశ్రాంతి ఇవ్వాలని ఉంది. యంత్రాలు రాకముందు మన కళ్ళాలలో ఎద్దులతో నూర్పిడి చేసినవారికి ఆ మాట ఇట్టే అర్థమవుతుంది. పని చేయించుకోవద్దని అక్కడ లేదు. పని చేసేదాని నోరు కట్టవద్దని మాత్రం ఉంది. సముద్రపు ఒడ్డు గుర్రానికి కూడా నాకు ఈ కొలతే సరిపోతుందనిపిస్తుంది.

మన దేశపు చట్టం కూడా ఇంచుమించు ఇదే దారిలో నడిచింది. జంతువుల పట్ల క్రూరత్వాన్ని నిరోధించే చట్టం 1960లో వచ్చింది. మోయలేని బరువు వేయడం, పుండ్లతోనో కుంటుతోనో ఉన్న పశువు చేత పని చేయించడం దాని ప్రకారం నేరం. బండి లాగే పశువులకు, బరువులు మోసే పశువులకు 1965లో ప్రత్యేకంగా నియమాలు చేశారు. వాటి ప్రకారం పొట్టిజాతి గుర్రం మీద 70 కిలోలకు మించి బరువు వేయకూడదు. పశువు చేత రోజుకు మొత్తం 9 గంటలకు మించి, మధ్యలో విశ్రాంతి లేకుండా 5 గంటలకు మించి పని చేయించకూడదు. ఎండ 37 డిగ్రీలు దాటే చోట మధ్యాహ్నం 12 నుంచి 3 గంటల దాకా అసలే చేయించకూడదు. స్వారీకి వెళ్ళే మనకు కూడా ఇది మంచి కొలబద్ద.

2015 జూన్‌లో బొంబాయి హైకోర్టు ముంబయి నగరంలో సరదా షికార్లకు తిప్పే విక్టోరియా గుర్రపు బండ్లు చట్టవిరుద్ధమని తీర్పు చెప్పి, ఏడాదిలోగా వాటిని ఆపించమంది. అయితే అంతటితో వదలలేదు. వాటి మీద బ్రతికే కుటుంబాలకు వేరే దారి చూపమని ప్రభుత్వాన్ని ఆదేశించింది. మన యవ్వనస్తుడు అడిగిన ప్రశ్న, మన పెద్దాయన అడిగిన ప్రశ్న రెండూ ఆ తీర్పులో ఉన్నాయి. గుర్రాన్ని తలచుకుని మనిషిని మరచిపోవడమూ న్యాయం కాదు, మనిషి పేరు చెప్పి గుర్రాన్ని అరగదీయడమూ న్యాయం కాదు.

కనుక ఎక్కవచ్చా అని అడిగినవారికి నా జవాబు ఇది: ముందు చూడండి, తరువాత ఎక్కండి.

గుర్రం దగ్గరకు వెళ్ళి రెండు నిమిషాలు నిలబడండి. పక్కటెముకలు లెక్కపెట్టడానికి వీలుగా బయటికి కనబడుతున్నాయా? జీను కింద, నడుము పట్టీ దగ్గర, నోటి మూలల్లో పుండ్లు ఉన్నాయా? నాలుగడుగులు నడిపించమని అడగండి. తల ఎగరవేస్తూ నడిస్తే ఏదో ఒక కాలు నొప్పిగా ఉన్నదని గుర్తు. ముక్కునుంచి చిక్కటి చీమిడి కారుతున్నా, ఒంటి మీద రసి కారే పుండ్లు ఉన్నా తాకవద్దు. గుర్రాలకు వచ్చే గ్లాండర్స్ అనే జబ్బు మనుషులకు కూడా అంటుకుంటుంది. నీళ్ళ బకెట్టు, నీడ ఎక్కడున్నాయో చూడండి. ఇవి సరిగా లేకపోతే పిల్లవాడు ఎంత ఏడ్చినా ఎక్కించవద్దు. ఎందుకు ఎక్కించడం లేదో వాడికి చెప్పండి. గుర్రం మనిషితో కూడా మర్యాదగానే, "బాబూ, దీని వీపు మీద పుండు ఉంది, పశువుల డాక్టరుకు చూపించండి" అని చెప్పండి. కసురుకుని వెళ్ళిపోతే పుండు మానదు.

అన్నీ బాగుంటే నిశ్చింతగా ఎక్కించండి. గుర్రం వెనుకనుంచి మాత్రం వెళ్ళవద్దు. దానికి రెండు పక్కలా చాలా దూరం కనబడుతుంది గాని సరిగ్గా వెనుక ఏముందో కనబడదు. ఉలిక్కిపడితే తన్నుతుంది. పక్కనుంచి, దానికి కనబడేలా, మెల్లగా మాట్లాడుతూ వెళ్ళాలి. ఎడమవైపునుంచి ఎక్కడం వాడుక. జీనుకు వేలాడే రికాబులో పాదం ముందు భాగమే పెట్టాలి, మడమ కిందికి ఉండాలి. పాదం అంతా లోపలికి దూర్చితే, పడినప్పుడు కాలు చిక్కుకుని గుర్రం ఈడ్చుకుపోతుంది. పిల్లలకు రికాబు అందకపోతే తండ్రి పక్కన నడుస్తూ పట్టుకోవాలి. మోటారు సైకిలు మీద హెల్మెట్ ఎందుకో ఇక్కడా అందుకే కావాలి. తాడు గుర్రం మనిషి చేతిలోనే ఉండాలి. పరుగు వద్దు, నడకే ముద్దు. చెప్పులు జారేవి కాకుండా ఉండాలి. గీరుకున్నా, గుర్రం కరిచినా గాయాన్ని సబ్బునీళ్ళతో కడిగి, ధనుర్వాతం ఇంజెక్షను సంగతి అదే రోజు డాక్టరును అడగాలి.

వేళ కూడా ముఖ్యం. ఉదయం ఎండ ఎక్కకముందు గాని, సాయంకాలం ఎండ తగ్గాక గాని ఎక్కండి. దారి అలల పక్క తడి ఇసుక మీదుగా ఉండనివ్వండి. జనవరి మొదలు ఏప్రిల్ దాకా మన తీరాలలో ఆలివ్ రిడ్లే తాబేళ్ళు రాత్రివేళ ఒడ్డెక్కి పొడి ఇసుకలో గుంటలు తవ్వి గుడ్లు పెడతాయి. ఆ గుడ్లు డెక్కల కింద పడితే చితికిపోతాయి. విశాఖనుంచి భీమిలి వెళ్ళే దారిలో ఎర్రమట్టి దిబ్బలు ఎడారిని తలపించేలా ఉంటాయి గాని, అవి వేల ఏళ్ళుగా గాలీ నీరూ పేర్చిన దిబ్బలు. గట్టిగా తొక్కితేనే విరిగి జారిపోతాయి. అక్కడ కాలినడకన, ఉన్న బాటమీదే తిరిగితే చాలు.

ఇక ధర. ముందే అడగండి, ఎంత దూరమో అడగండి, న్యాయంగా తోస్తే ఒప్పుకోండి, తోచకపోతే ఎక్కకుండా నమస్కారం పెట్టి వచ్చేయండి. ఒప్పుకున్న తరువాత ఇంకొక చుట్టు ఊరికే అడగవద్దు. దిగాక డబ్బు పిల్లవాడి చేత ఇప్పించండి. "గుర్రం పేరేమిటండీ?" అని వాడినే అడగనివ్వండి. తాడు పట్టుకుని నడిచిన మనిషిని "ఏయ్" అని కాకుండా "అన్నా" అనో "తాతగారూ" అనో పిలవడం వాడికి అక్కడే అలవాటు కావాలి. మన గోదావరి జిల్లాలనుంచి కువైట్, మస్కట్ వెళ్ళిన అన్నదమ్ములు, అక్కచెల్లెళ్ళు ఎందరో ఉన్నారు. వారిలో కొందరు ఎడారులలో ఎవరివో గొర్రెలకు, ఒంటెలకు నీళ్ళు పెడుతూ ఇంటికి డబ్బు పంపినవారే. అక్కడ మనవాళ్ళను ఎవరైనా పేరుపెట్టి పలకరిస్తే మనకెంత సంతోషం! ఇక్కడ ఇసుకలో నడిచే మనిషికి కూడా ఎక్కడో ఇల్లుంది, ఆయన తెచ్చే డబ్బు కోసం ఎదురుచూసేవారు ఉన్నారు.

పిల్లవాడు ఇంటికి వచ్చాక నెల రోజులు ఆ గుర్రం గురించే చెబుతాడు. ఎంత వేగంగా పోయిందో చెబుతాడా, దాని పేరేమిటో, అది ఏం తింటుందో చెబుతాడా అన్నది ఆ పది నిమిషాలలో తల్లిదండ్రులు ఏం చేశారన్న దానిని బట్టి ఉంటుంది. ఈ సెలవులకు సముద్రానికి వెళ్ళేవారు తిరిగివచ్చాక ఒక ఉత్తరం రాయండి. మీ పిల్లలు ఎక్కిన గుర్రం పేరు కూడా రాయండి. మీ ప్రయాణములు క్షేమముగా జరుగును గాక. వచ్చే నెల మళ్ళీ కలుసుకుందాం.